అడవిలో కూలితే వెతికేదెలా? హెలికాప్టర్‌ జాడకు మూడు నెలలు.. కొలంబియా కోసం 25 వేల మంది!

ఒక హెలికాప్టర్ ఖమ్మం జిల్లా సరిహద్దు అడవుల వైపు వెళ్లి మాయమైంది. దాని జాడ తెలియడానికి మూడు నెలలకు పైగా పట్టింది. ఇంకోచోట ఒక స్పేస్ షటిల్ 60 కిలోమీటర్లకు పైగా ఎత్తులో ముక్కలైపోయింది. దాని శకలాలు దాదాపు మూడు నెలల్లోనే 84 వేలకు పైగా దొరికాయి. అవి కూడా అడవుల్లోనే, చెరువుల్లోనే, పొదల్లోనే పడ్డాయి. మరి తేడా ఎక్కడొచ్చింది?

డబ్బు, మనుషులు, టెక్నాలజీ.. ఈ మూడూ కారణాలే. కాదనలేం. కానీ వాటితో పాటు ఇంకోటి ఉంది. వేల మంది మామూలు మనుషులు ఒక పద్ధతి ప్రకారం వరసలో నడవడం. చూడ్డానికి ఇంతేనా అనిపించే ఆ పని ఎలా జరుగుతుంది, అందులో వాలంటీర్లు ఏం చేస్తారు, రేపు భద్రాచలం అడవుల్లో అలాంటి గాలింపు అవసరమైతే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు.. వివరాలివీ.

2008 ఆగస్టులో ఏం జరిగింది?

2008 ఆగస్టు మొదటి వారం. హైదరాబాద్ నుంచి ఛత్తీస్‌గఢ్‌కు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్‌లో నలుగురున్నారు. ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల దగ్గరికి వచ్చాక దాని జాడ తెలియకుండా పోయింది. గాలింపు మొదలైంది. రోజులు గడిచాయి, వారాలు గడిచాయి. చివరికి నవంబరులో సరిహద్దుకు అవతల, బీజాపూర్ జిల్లా కొండల్లో శకలాలు బయటపడ్డాయి. నలుగురూ చనిపోయారు. మూడు నెలల పాటు ఆ నాలుగు కుటుంబాలు ఉన్నారో లేరో తెలియని స్థితిలోనే గడిపాయి.

అప్పటికి భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, వాజేడు అన్నీ ఉమ్మడి ఖమ్మం జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు మొదటి మూడూ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, మిగతా రెండూ ములుగులో ఉన్నాయి. జిల్లాల పేర్లు మారాయి గానీ అడవి అదే. టేకు, వెదురు, తునికి, ఇప్ప చెట్లు. మధ్యలో వాగులు. అవతల బీజాపూర్, సుక్మా కొండలు.

ఆగస్టు అంటే ఈ అడవి పచ్చగా మూసుకుపోయే కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఆకు రాలిపోయి వంద అడుగుల దూరంలో ఉన్న మేక కూడా కనిపించే చోట, ఆగస్టులో పది అడుగుల అవతల ఏముందో తెలియదు. పైనుంచి చూస్తే అంతా ఒకే ఆకుపచ్చ దుప్పటి. అందులో పడిపోయిన హెలికాప్టర్ ముక్కలు విమానంలోంచి చూసేవాళ్లకు కనిపించడం చాలా కష్టం. దానికి తోడు మబ్బులు, వాన. అప్పట్లో మావోయిస్టుల పట్టు గట్టిగా ఉన్న ప్రాంతం కూడా. అక్కడ వేల మందిని వరసగా నిలబెట్టి నడిపించే పరిస్థితే లేదు.

ఏడాది దాటాక, 2009 సెప్టెంబరు 2న, ఇంకో బెల్ 430 నల్లమల అడవుల మీద అదృశ్యమైంది. అందులో ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి, మరో నలుగురు ఉన్నారు. ఆ రోజు టీవీల ముందు కూర్చున్నవాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. వైమానిక దళం, ఇస్రో, కేంద్ర బలగాలు, గ్రేహౌండ్స్, అడవి తెలిసిన స్థానికులు.. అందరూ దిగారు. మర్నాడు ఉదయం వైమానిక దళ హెలికాప్టర్‌కు కర్నూలు జిల్లా కొండ మీద శకలాలు కనిపించాయి. రాష్ట్ర యంత్రాంగం మొత్తం కదిలినా దాదాపు 24 గంటలు పట్టిందంటే, వానాకాలపు అడవి ఎలాంటిదో అర్థమవుతుంది.

ఈ రెండు ఘటనల్లో వెతికింది ఒక్క చోట పడిన ఒక్క హెలికాప్టర్ కోసం. అదే వస్తువు ఆకాశంలోనే వేల ముక్కలై, వందల కిలోమీటర్ల పొడవునా రాలితే? అలాంటి గాలింపు ప్రపంచంలో ఒక్కసారే అంత పెద్ద ఎత్తున జరిగింది. ఆ కథలో మన దేశానికీ సంబంధం ఉంది.

కల్పనా చావ్లా.. ఆ శనివారం సాయంత్రం

2003 ఫిబ్రవరి 1. మన టైమ్ ప్రకారం రాత్రి ఏడున్నర ప్రాంతం. కొలంబియా స్పేస్ షటిల్ 16 రోజుల ప్రయాణం ముగించుకుని దిగడానికి ఇంకో 16 నిమిషాలే ఉంది. అమెరికాలోని టెక్సాస్ మీదుగా, ధ్వని కంటే దాదాపు 18 రెట్ల వేగంతో వస్తూ ముక్కలైపోయింది. హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు. అంతకు కొన్ని నెలల ముందే శ్రీహరికోట నుంచి పంపిన మెట్‌శాట్ ఉపగ్రహానికి ఫిబ్రవరి 5న ప్రధాని వాజ్‌పేయి 'కల్పన-1' అని పేరు మార్చారు. ఇక్కడిదాకా చాలామందికి గుర్తే. ఆ తర్వాత నేల మీద ఏం జరిగిందన్నది మాత్రం మన దగ్గర పెద్దగా ఎవరికీ తెలియదు.

తూర్పు టెక్సాస్ అనగానే ఎడారి ఊహించుకోవద్దు. అది పైన్ చెట్ల అడవి. కింద ముళ్ల తీగలు, బురద, వాగులు, పెద్ద రిజర్వాయర్లు. హెంఫిల్ అని వెయ్యి మందికి కాస్త ఎక్కువ జనాభా ఉన్న చిన్న పట్టణం. మన దగ్గర మండల కేంద్రం కూడా దానికంటే పెద్దదే ఉంటుంది. శనివారం ఉదయం ఇళ్లు అదిరేలా శబ్దం వచ్చింది. కాసేపటికే పొలాల్లో, రోడ్ల మీద, ఇళ్ల ఆవరణల్లో కాలిన లోహపు ముక్కలు, పలకలు కనిపించడం మొదలైంది. ఫోన్ల మీద ఫోన్లు.

మొదటి రోజుల్లో వెతికింది ఎక్కువగా స్థానికులే. వేటగాళ్లు, కలప పనివాళ్లు, రైతులు, నేషనల్ గార్డ్ సభ్యులు, అటవీ సిబ్బంది. దగ్గర్లోని నాకడోచెస్ పట్టణంలో ఉన్న యూనివర్సిటీ అటవీ విభాగం విద్యార్థులు జీపీఎస్ పరికరాలు పట్టుకుని బయల్దేరారు. ఏ ముక్క ఎక్కడ దొరికిందో మ్యాపుల మీదికి ఎక్కించే పని వాళ్లు ఎత్తుకున్నారు. ఊళ్లో ఆడవాళ్లు మాజీ సైనికుల హాలులో వంటలు మొదలుపెట్టారు. చలి, వాన. వచ్చినవాళ్లందరికీ వేడివేడిగా తిండి పెట్టారు. ఇది కూడా గాలింపులో భాగమే. తిండి లేకపోతే మధ్యాహ్నం తర్వాత వరస నడవదు.

ఆ రోజుల్లో వాళ్లు ప్రధానంగా వెతికింది ముక్కల కోసం కాదు, ఏడుగురు మనుషుల కోసం. అవశేషాలు దొరికిన ప్రతిచోటా పని ఆపేసి, ఒక పాస్టర్‌ను పిలిచి, చిన్న ప్రార్థన చేసి తర్వాతే కదిలించారు. రెండు వారాలు తిరక్కుండానే ఏడుగురి అవశేషాలూ దొరికాయి. షటిల్ ఆ ఎత్తులో, ఆ వేగంతో ముక్కలయ్యాక ఇది సాధ్యమవుతుందని ముందుగా ఎవరూ ధీమాగా చెప్పగలిగేవాళ్లు కాదు.

వరస కట్టి నడవడం.. అంత తేలికేం కాదు!

అసలు పద్ధతి ఏంటంటే.. 20 మంది ఒక జట్టు. మనిషికీ మనిషికీ మధ్య సుమారు 10 అడుగుల దూరం. అందరూ ఒకే గీతలో నిలబడి, ఒకే వేగంతో ముందుకు నడవాలి. ఒకరికి ఏదైనా కనిపిస్తే గట్టిగా అరవాలి. వెంటనే మొత్తం వరస ఆగిపోవాలి. ఆ వస్తువు ఉన్న చోటును జీపీఎస్‌లో నమోదు చేసి, ఫొటో తీసి, నంబరు వేశాకే మళ్లీ కదలాలి.

ఇందులో కష్టమేముంది అనుకుంటే పొరపాటే. అడవిలో నడిచే మనిషి తనకు తెలియకుండానే తేలికైన దారి వెతుక్కుంటాడు. ముళ్ల పొద వస్తే పక్కనుంచి పోతాడు. అక్కడే వరస చెడుతుంది. పొద పక్కన చూసిందే ఇద్దరు చూస్తారు, పొద లోపల ఎవరూ చూడరు. పైనుంచి రాలిన వస్తువు పొదలో పడకూడదని రూలేం లేదు కదా. అందుకే టెక్సాస్‌లో జట్లు పొదల పక్కనుంచి కాకుండా లోపలి నుంచే వెళ్లాల్సి వచ్చింది. చేతులు, మొహాలు గీసుకుపోయాయి. బట్టలు చిరిగాయి.

ఇక్కడో ఆసక్తికరమైన విషయం. నిర్వాహకులు పెట్టుకున్న లక్ష్యం '100 శాతం వెతకాలి' అని కాదు. 6 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు ఉన్న ముక్క దారిలో ఉంటే అది కళ్లపడే అవకాశం 75 శాతం ఉండాలి.. అంతే. అంటే అంత సైజున్న నాలుగు ముక్కల్లో ఒకటి వదిలిపోవచ్చని ముందే ఒప్పుకుని దిగారు. వినడానికి అలసత్వంలా అనిపిస్తుంది. కానీ ప్రతి అంగుళం చూడాలంటే మోకాళ్ల మీద పాకాలి. అలా పాకితే ఒక్క ఊరు దాటేసరికి ఏడాది అవుతుంది. అన్నింటికీ మించి అక్కడ వసంతం వస్తే కొత్త చిగుళ్లు మొలిచి నేల కనపడకుండా పోతుంది. ఆలోపే పని అయిపోవాలి. మన అడవుల్లో అయితే ఆ గడువు తొలకరి. జూన్‌లో వానలు పడ్డాయంటే ఇక అంతే.

చివరికి వచ్చిన లెక్కలు చూస్తే కళ్లు తిరుగుతాయి. 270 సంస్థల నుంచి 25 వేల మందికి పైగా పాల్గొన్నారు. 15 లక్షల పని గంటలు. నేల మీద నడిచి వెతికింది 7 లక్షల ఎకరాలకు పైగా. అంటే ఇప్పటి ఖమ్మం జిల్లా విస్తీర్ణంలో దాదాపు మూడింట రెండు వంతులు! గాల్లోంచి, నీళ్లలో వెతికింది కూడా కలిపితే 23 లక్షల ఎకరాలు. అది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మొత్తం కంటే ఎక్కువ.

ఇంకోలా చూద్దాం. 10 అడుగుల ఎడంతో 20 మంది ఒక కిలోమీటరు నడిస్తే సుమారు 15 ఎకరాలు పూర్తవుతాయి. ఆ లెక్కన 7 లక్షల ఎకరాలకు మనుషులందరి నడక కలిపితే 9 లక్షల కిలోమీటర్లు దాటుతుంది. చంద్రుడి దాకా వెళ్లి తిరిగొచ్చినా అంత దూరం ఉండదు.

మరి అన్ని లక్షల కిలోమీటర్ల నడకలో ఎక్కువ మందికి ఎక్కువ రోజులు ఏం దొరికింది? ఏమీ దొరకలేదు. ఇదే ఈ పనిలో వాలంటీర్లు అర్థం చేసుకోవాల్సిన అసలు సంగతి. మ్యాపును గడులుగా విడగొడతారు. ఒక గడి మొత్తం నడిచి 'ఇక్కడ ఏమీ లేదు' అని తేల్చడం కూడా ఫలితమే. రేపు ఇంకో జట్టు మళ్లీ అక్కడికి వెళ్లాల్సిన పని తప్పుతుంది. వెతకకుండానే వెతికామని రాస్తే మాత్రం మొత్తం మ్యాపు అబద్ధమైపోతుంది. అలసిపోయి, ముళ్లకు భయపడి చుట్టు తిరిగి వచ్చిన జట్టు ఆ మాట నిజాయితీగా చెప్పడం, ముక్క దొరకడం కంటే తక్కువేం కాదు.

రోజులు గడిచేకొద్దీ మామూలు వాలంటీర్ల స్థానంలో అడవి మంటలు ఆర్పే సిబ్బందిని దింపారు. దేశం నలుమూలల నుంచి వచ్చారు. నాలుగు చోట్ల క్యాంపులు వేశారు. వాళ్లకు వరసలో పని చేయడం, అడవిలో రోజుల తరబడి ఉండడం అలవాటు. జనం ఉత్సాహం మొదటి వారం నిలబడుతుంది. మూడో నెలలో పని చేసేది అలవాటే.

ముక్క తీస్తే సగం సమాచారం పోయినట్టే

'దొరికిన ముక్కను బైక్ మీద పెట్టుకుని పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పాం' అని ఎవరైనా చెప్తే మెచ్చుకోవాలనిపిస్తుంది. కానీ దర్యాప్తు చేసేవాళ్లు తల పట్టుకుంటారు. ఎందుకంటే ముక్క ఎంత ముఖ్యమో అది పడిన చోటూ అంతే ముఖ్యం.

షటిల్ పడమర నుంచి తూర్పుకు వెళ్తోంది. ముందు ఊడిన భాగం పడమర వైపు పడుతుంది. తర్వాత ఊడింది ఇంకాస్త తూర్పున పడుతుంది. బరువైనవి ఎక్కువ దూరం వెళ్తాయి, తేలికైనవి ముందే రాలతాయి. ఇవన్నీ కలిపి చూస్తేనే ఏది ముందు విరిగిందో, ఏది తర్వాత విరిగిందో తెలుస్తుంది. వీడియోను వెనక్కి తిప్పి చూసినట్టే. ముక్కను చోటు నుంచి తీసేస్తే ఆ వీడియోలో ఒక ఫ్రేమ్ పోతుంది.

కొలంబియాలో కారణం తేలింది ఇలాగే. జనవరి 16న ప్రయోగం జరిగిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు నుంచి ఫోమ్ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. దాని బరువు ముప్పావు కిలో. వేగం గంటకు సుమారు 800 కి.మీ. అప్పుడు అది పెద్ద ప్రమాదం కాదనుకున్నారు. రెక్కకు పడిన రంధ్రంలోంచి తిరుగు ప్రయాణంలో మండే వాయువులు లోపలికి దూరాయి.

ఇది కేవలం అనుమానంగానే మిగిలిపోయేది.. మార్చి 19న హెంఫిల్ దగ్గర వెతుకుతున్న అగ్నిమాపక జట్టుకు ఒక పెట్టె కనిపించకపోతే! అది ఓఈఎక్స్ రికార్డర్. అంత ఎత్తు నుంచి పడినా దాదాపు చెక్కుచెదరకుండా నేల మీద ఉంది. లోపలి టేపులో వందల సెన్సార్ల డేటా భద్రంగా దొరికింది. ఎడమ రెక్క అంచు దగ్గర వేడి ఎప్పుడు పెరగడం మొదలైందో అది చెప్పేసింది. అప్పటికి గాలింపు మొదలై ఆరు వారాలు దాటింది. 'ఇక చాలు, దొరికినవి దొరికాయి' అని అప్పటికే ఆపేసి ఉంటే ఆ టేపు పొదల్లోనే తుప్పు పట్టేది.

దొరికిన ముక్కల మొత్తం బరువు సుమారు 38.5 టన్నులు. అది షటిల్ బరువులో 38 శాతమే. కెన్నెడీ స్పేస్ సెంటర్‌లోని ఒక హ్యాంగర్ నేల మీద గీతలు గీసి, ఏ ముక్క షటిల్‌లో ఎక్కడ ఉండేదో అక్కడే పరిచారు. ఎడమ రెక్క మీద మరింత శ్రద్ధ పెట్టారు.

తాకొద్దంటే ఎందుకు తాకొద్దు?

సమాచారం పోతుందని మాత్రమే కాదు. ప్రాణం పోతుందని కూడా. వ్యోమనౌకల్లో, ఉపగ్రహాల్లో హైడ్రజీన్, నైట్రోజన్ టెట్రాక్సైడ్ లాంటి ఇంధనాలు వాడతారు. పీల్చినా, చర్మానికి తగిలినా ప్రమాదం. ఒత్తిడితో నిండిన ట్యాంకులు ఉంటాయి. పేలుడు బోల్టులు ఉంటాయి. కాలిపోయి నల్లగా ఉన్న గుండ్రటి ట్యాంకు ఖాళీదో కాదో చూసి చెప్పలేం.

1978లో సోవియట్ యూనియన్‌కు చెందిన కాస్మోస్ 954 కెనడాలో కూలింది. అందులో అణు రియాక్టర్ ఉంది. మంచు మీద పడిన ముక్కల్లో కొన్నింటికి రేడియోధార్మికత ఉంది. 1.24 లక్షల చదరపు కిలోమీటర్లు గాలించారు. అలాంటి గాలింపుకు వాలంటీర్లను పిలిచే ప్రశ్నే లేదు. ఆ ఖర్చు కింద కెనడా 60 లక్షల డాలర్లు అడిగితే చివరికి 30 లక్షలు వచ్చాయి.

గాలింపు చేసేవాళ్లకూ ముప్పు ఉంటుంది. కొలంబియా శకలాల కోసం తిరుగుతున్న హెలికాప్టర్ ఒకటి 2003 మార్చి 27న టెక్సాస్‌లోనే కూలి ఇద్దరు చనిపోయారు. ఏడుగురి కోసం వెతుకుతూ ఇంకో ఇద్దరు పోయారన్నమాట.

ఇక దాచుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ప్రమాదం జరిగిన గంటల్లోనే ఆన్‌లైన్‌లో 'షటిల్ ముక్కలు అమ్మబడును' అని ప్రకటనలు వచ్చాయి. అధికారులు గడువు పెట్టి, ఆలోపు తెచ్చి ఇచ్చేస్తే కేసు ఉండదన్నారు. ఇవ్వనివాళ్లపై కేసులు పెట్టారు.

అంతర్జాతీయంగా కూడా రూల్ ఉంది. 1968 నాటి ఒప్పందం ప్రకారం ఒక దేశంలో వేరే దేశపు వ్యోమ వస్తువు పడితే ప్రయోగించిన దేశానికి, ఐక్యరాజ్యసమితికి సమాచారం ఇవ్వాలి. వాళ్లు అడిగితే తిరిగి ఇచ్చేయాలి. 1972 ఒప్పందం ప్రకారం నష్టం జరిగితే ప్రయోగించిన దేశమే పరిహారం కట్టాలి. ఈ రెండింటిలోనూ భారత్ ఉంది. అంటే పొలంలో పడిన ముక్క దొరికినవాళ్ల సొంతం కాదు. కానీ దాని వల్ల పంట పోయినా, ఇల్లు కూలినా అడిగే హక్కు మన దేశానికి ఉంది.

మన దగ్గర పడవా?

పడతాయి. పడ్డాయి కూడా. 2022 ఏప్రిల్ 2, ఉగాది రోజు రాత్రి మహారాష్ట్ర ఆకాశంలో మండుతూ వెళ్లిన వెలుగులు చాలామంది ఫోన్లలో వీడియో తీశారు. తెలంగాణకు ఆనుకునే ఉన్న చంద్రాపూర్ జిల్లాలో, సిందేవాహీ ప్రాంతంలో సుమారు 3 మీటర్ల వ్యాసమున్న లోహపు వలయం పడింది. చుట్టుపక్కల లోహపు గోళాలు కూడా దొరికాయి. చైనా రాకెట్ భాగాలై ఉంటాయని నిపుణులు అంచనా వేశారు. తర్వాత ఇస్రో బృందం వచ్చి పరిశీలించింది. ముందు చూసింది, ముందు చెప్పింది మాత్రం ఊరివాళ్లే.

అదే ఏడాది డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో వింత క్యాప్సూల్ దిగిందని, గ్రహాంతరవాసులదేమోనని జనం ఎగబడ్డారు. తీరా చూస్తే అది హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఓ స్పెయిన్ కంపెనీ ప్రయోగాత్మకంగా పంపింది. ఇలాంటి బెలూన్లు ఎగరేసే ముందు ఆ కేంద్రం ప్రకటన ఇస్తుంది. పరికరాలు దొరికితే ముట్టుకోకుండా పోలీసులకో, తమకో చెప్పమని కోరుతుంది. ఆ ప్రకటనలు పేపర్లో మూలన వస్తాయి, ఎవరూ చదవరు. జనం ఎగబడ్డాక మాత్రం మొత్తం రాష్ట్రానికి తెలుస్తుంది.

పాతతరానికైతే 1979 స్కైలాబ్ గుర్తుంటుంది. నెత్తిన పడుతుందని ఊళ్లకు ఊళ్లు వణికాయి. 2021లో దాని మీద తెలుగులో సినిమా కూడా వచ్చింది. చివరికి జులై 11న అది హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి భాగంలో రాలింది. అక్కడి ఎస్పెరన్స్ పట్టణం రోడ్డు మీద చెత్త వేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాసి చేతిలో పెట్టింది!

భద్రాచలం అడవుల్లో అయితే..

టెక్సాస్ పద్ధతిని తెచ్చి చర్ల అడవిలో అలాగే పెట్టడం కుదరదు. మొదటి కారణం భద్రత. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల్లో మావోయిస్టులు అమర్చిన మందుపాతరలు, ప్రెషర్ బాంబులు ఉన్నాయి. 2025లో కర్రెగుట్టల మీద బలగాలు రోజుల తరబడి గాలింపు చేసినప్పుడూ పెద్ద అడ్డంకి ఇదే. కట్టెలకో వెదురుకో వెళ్లిన మామూలు గ్రామస్థులు కూడా వీటికి బలైన ఘటనలున్నాయి. అలాంటి చోట 'పొదలోంచే నడవాలి' అన్న టెక్సాస్ రూల్ ప్రాణాల మీదికి తెస్తుంది. బాంబు స్క్వాడ్ ముందు చూసి, దారి సురక్షితమని చెప్పాకే వరస కదలాలి. ఉత్సాహం కొద్దీ నలుగురు కుర్రాళ్లు బైకులేసుకుని లోపలికి పోతే, గాలింపు బృందం ముందు వాళ్లను వెతకాల్సి వస్తుంది. వానాకాలంలో తాలిపేరు, వాగులు పొంగితే తిరిగి రావడం కూడా ఉండదు. ఎలుగుబంట్లు, పాములు సరేసరి.

రెండోది, ఇక్కడ ఉన్న బలం టెక్సాస్‌లో లేదు. ఈ అడవిలో ఏడాది పొడవునా మనుషులు నడుస్తూనే ఉంటారు. మార్చిలో ఇప్పపువ్వుకు, వేసవిలో తునికాకుకు, పశువుల వెంట, తేనెకు. కోయ గూడేల్లోని వాళ్లకు ఏ గుట్ట వెనక ఏ బండ ఉంటుందో తెలుసు. కొత్తగా విరిగిన కొమ్మ, కాలిన చెట్టు, నేలలో కొత్తగా పడిన గుంట.. బయటి నుంచి వచ్చిన వాలంటీర్ వాటి పక్కనుంచే వెళ్లిపోతాడు. అక్కడివాళ్లు ఆగుతారు. ఎక్కడ ఏం ఉండకూడదో వాళ్లకు తెలుసు కాబట్టి.

అయితే వాళ్లు చూసింది బయటికి రావాలంటే ముందు వాళ్లకు చెప్పాలి. ఏం పోయింది, ఎలా ఉంటుంది, ఎవరికి చెప్పాలి అన్నది కోయ భాషలో, సంతల్లో, తునికాకు కల్లాల దగ్గర చెప్పాలి. చెప్పినవాణ్ని పదిసార్లు స్టేషన్‌కు తిప్పుతారనే భయం ఉంటే ఎవరూ నోరు విప్పరు. సరిహద్దు గూడేల్లో ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అటు వాళ్లు, ఇటు వీళ్లు అనుమానించిన రోజులు చాలా ఉన్నాయి. ఐటీడీఏ సిబ్బంది, వన సంరక్షణ సమితులు, బడి టీచర్లు, ఆశా కార్యకర్తల ద్వారా సమాచారం ఇచ్చే వీలుంటే ఒక జీపీఎస్ కంటే ఎక్కువ పని జరుగుతుంది.

వరస కట్టి నడవడం మన దగ్గర కొత్తేమీ కాదు. నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణనలో అటవీ సిబ్బంది, వాలంటీర్లు 2 కిలోమీటర్ల గీత వెంట నడుస్తూ కనిపించిన జంతువులను నమోదు చేస్తారు. ఏమీ కనిపించకపోయినా ఆ మాటే రాస్తారు. గీత దాటకపోవడం, కనిపించిందే రాయడం.. శకలాల గాలింపుకూ కావాల్సింది ఇవే.

అడవిలోనో పొలంలోనో వింత లోహపు వస్తువు కనిపిస్తే చెయ్యాల్సింది కొంచెమే. ముట్టుకోవద్దు. దగ్గరికి వెళ్లి సెల్ఫీ దిగొద్దు. గాలి వస్తువు వైపు నుంచి మీ మీదికి వీస్తుంటే అవతలి పక్కకు జరగాలి. పిల్లల్ని, పశువుల్ని దూరంగా తోలాలి. దూరం నుంచే ఫొటో తీసి, ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోవాలి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పని చేస్తుంది కాబట్టి బయటికి వచ్చాక పంపొచ్చు. దారిలో చెట్లకు గుడ్డ పేలికలు కట్టుకుంటూ వస్తే తిరిగి వెళ్లడం తేలిక. 112కు గానీ, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు గానీ, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు గానీ చెప్తే చాలు.

ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి

కొలంబియా గాలింపు 2003 వేసవి నాటికి ముగిసింది. కానీ నాలుగింట ఒకటి వదిలిపోవచ్చని వాళ్లే అనుకున్నారు కదా. 2011లో టెక్సాస్‌లో తీవ్రమైన కరవు వచ్చింది. నాకడోచెస్ చెరువులో నీళ్లు తగ్గాయి. అడుగున బురదలో సుమారు 4 అడుగుల వ్యాసమున్న గుండ్రటి వస్తువు తేలింది. అది కొలంబియా ట్యాంకు. ఎనిమిదేళ్లు నీళ్ల కింద ఉంది. చూసినవాళ్లు దాన్ని ఇంటికి తీసుకుపోలేదు, అధికారులకు ఫోన్ చేశారు.

దొరికిన ముక్కలను నాసా పాతిపెట్టలేదు. కెన్నెడీ స్పేస్ సెంటర్‌లోని ఒక గదిలో ఉంచి, పరిశోధన కోసం అడిగిన యూనివర్సిటీలకు, సంస్థలకు అప్పుగా ఇస్తోంది. ఏ ముక్కకు ఏ నంబరు, అది ఏ పొలంలో ఏ చోట దొరికింది అన్న రికార్డు కూడా దాంతో పాటే ఉంటుంది.